మామ రిజిస్టరులో మూడు గోదావరులు

2023 జూలై నెలాఖరు వానలకు హనుమకొండలో మా వీధిలోకి నీళ్లు వచ్చిన రాత్రి, కింది అరల్లో ఉన్న వస్తువులన్నింటితో పాటు మా చిన్నమామ రిజిస్టరు కూడా తడిసింది. తెల్లవారి బియ్యం సంచి కన్నా ముందు దాన్నే పైకి తీసి, పేజీకీ పేజీకీ మధ్య వార్తాపత్రిక ముక్కలు పెట్టి, నాలుగు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను. సిరాతో రాసిన అక్షరాలు చాలావరకు అలుక్కుపోయి నీలి మరకలుగా మిగిలాయి. పెన్సిలుతో గీసిన గళ్లు మాత్రం గీసినవి గీసినట్టే ఉన్నాయి. ఆ గళ్లలో పేర్లు మళ్లీ నింపే పనిలో పడిన తరువాతే, భారత నౌకాదళంలో నేడు ఏ ఓడ ఉన్నదో, ఏది వెళ్లిపోయిందో నాకు వరుసగా తెలిసివచ్చింది. అంతకు ముందు అవన్నీ నాకు మామ చెప్పిన కబుర్లే.

మా అమ్మ పుట్టిల్లు మంథని. గోదావరి ఒడ్డున పుట్టి, తెల్లవారుజామున వేదపఠనం చెవిన పడుతుండగా పెరిగిన మామ 1976లో నౌకాదళంలో చేరాడు. లోనావాలాలో ఐఎన్‌ఎస్ శివాజీ అనే నౌకాదళ శిక్షణ కేంద్రంలో యంత్రాల పని నేర్చుకొని, ఎక్కువ కాలం బాయిలర్ల దగ్గరే పనిచేసి, 1991లో పెట్టీ ఆఫీసరుగా ఇంటికి వచ్చాడు. ఆ తరువాత రామగుండం థర్మల్ కేంద్రంలో ఉద్యోగం దొరికింది. అక్కడా బాయిలర్లే, అక్కడా గోదావరి నీళ్లే. నౌకాదళ చిహ్నం మీద ఉండే 'శం నో వరుణః' అన్న మాట ఉపనిషత్తులోనిదనీ, దాన్ని తాను బడికి పోకముందే మంథని వీధుల్లో విన్నాననీ చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

రిజిస్టరు పొడుగాటిది, ఎర్ర గుడ్డ అట్టది. ప్రతి ఓడకూ ఐదు గళ్లు ఉంటాయి: పేరు, ఏ తరగతి (అంటే ఏ నమూనా ఓడల వరుసలోది), ఎక్కడ కట్టారు, ఏ రోజు చేరింది, ఏ రోజు సెలవు తీసుకుంది. ఓడ పని ముగిసిపోవడాన్ని నౌకాదళం వారు డీకమిషనింగ్ అంటారు. మామ ఆ మాట ఎన్నడూ రాయలేదు. 'సెలవు' అనే రాశాడు.

ఆయన మనసంతా ఐఎన్‌ఎస్ గోదావరి మీదే ఉండేది. 1983 డిసెంబరు 10న బొంబాయిలో ఆ ఓడ నౌకాదళంలో చేరినప్పుడు దాని తొలి సిబ్బందిలో మామ ఒకడు. మొదటి సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మమ్మకూ ఆయనకూ జరిగిన సంభాషణను మా అమ్మ ఎన్నోసార్లు చెప్పేది. "ఏ షిప్పు ఎక్కినవు బిడ్డా?" అని అమ్మమ్మ అడిగిందట. "గోదావరి ఎక్కిన్నమ్మా." "అంటే మన గంగనే గదా?" "కాదమ్మా, గంగ ఇంకో షిప్పు. దాన్ని ఇంక కడుతున్నరు." మా వైపు గోదావరిని గంగ అనే పిలుస్తారు. గంగకు పోయివచ్చామంటే మంథనికో కాళేశ్వరానికో ధర్మపురికో పోయివచ్చామని అర్థం. "ఒక్క గంగకు రెండు షిప్పులెందుకురా?" అని అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు మామ దగ్గర జవాబు లేకపోయింది. 1985లో ఐఎన్‌ఎస్ గంగ, 1988లో ఐఎన్‌ఎస్ గోమతి చేరడంతో ఆ ముగ్గురు అక్కచెల్లెళ్ల వరుస పూర్తయింది.

గోదావరి పేరు మీద మామ ఒక పూర్తి పేజీ కేటాయించాడు. మొదటి గోదావరి 1943లో చేరిన చిన్న యుద్ధనౌక. దేశ విభజనలో పంపకాలు జరిగినప్పుడు అది పాకిస్తాన్ వాటాకు పోయి 'సింధ్' అయింది. రెండవది బ్రిటన్‌లో కట్టిన పాత డిస్ట్రాయర్, అంటే వేగంగా పోయే యుద్ధనౌక. రెండవ ప్రపంచ యుద్ధంలో పోలండ్ నావికుల చేతిలో పనిచేసి, 1953లో మనకు వచ్చి గోదావరి పేరు పెట్టుకొని, 1970ల చివర తుక్కుకు పోయింది. మూడవది మామ ఎక్కినది. మన దేశంలో రూపకల్పన చేసి, బొంబాయి మజగావ్ డాక్ అనే ఓడల కర్మాగారంలో కట్టిన ఫ్రిగేట్ అది, పెద్ద ఓడలకు కాపలా పోయే యుద్ధనౌక. పొడవు 126 మీటర్లు, సిబ్బంది మూడు వందల పైచిలుకు. దాని మీద రష్యా క్షిపణులు ఉండేవి, బ్రిటన్ నుంచి వచ్చిన సీ కింగ్ హెలికాప్టర్లు ఉండేవి, వాటన్నిటినీ కలిపి పనిచేయించిన తెలివి మన ఇంజినీర్లది. ఈ సంగతి చెప్పేటప్పుడు మామ గొంతు పెద్దదయ్యేది.

ఆ ఓడను నడిపింది ఆవిరి. రెండు టర్బైన్లు, 30 వేల అశ్వశక్తి. బాయిలర్ గది సంగతులు మామ చెబుతుంటే మాకు మంథని ఎండాకాలం కూడా చల్లగానే అనిపించేది. చుట్టూ సముద్రం ఉన్నా ఆ ఉప్పునీటిని బాయిలర్‌లో పోయడానికి లేదు. దాన్ని కాచి, ఆవిరి చేసి, చల్లార్చి, ఉప్పు లేకుండా చేసిన నీళ్లే పోయాలి. బాయిలర్‌కు నీళ్లు తక్కువైతే మనుషుల స్నానాలు తగ్గేవి గానీ బాయిలర్ వాటా తగ్గేది కాదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది కంటికి కనబడని ఆవిరి. అధిక పీడనంలో బాగా వేడెక్కిన ఆవిరి గొట్టం నుంచి కారుతుంటే పొగలాగా కనిపించదట, ఈల వేసినట్టు చప్పుడు మాత్రమే వినిపిస్తుందట. అప్పుడు చీపురు కర్రను ముందుకు చాపి ఒక్కొక్క అడుగే వేయాలని, కర్ర ఎక్కడ తెగితే కారుతున్నది అక్కడేనని పాత నావికులు తనకు నేర్పారని చెప్పి, మామ ఇంట్లో చీపురు పట్టుకొని ఆ నడక నడిచి చూపేవాడు. మేము గోడకు అంటుకొని నిలబడి చూసేవాళ్లం.

1989 సంక్రాంతి సెలవుల్లో అమ్మ, నేను విశాఖపట్నం పోయాం. అప్పటికి మామను అక్కడి నేవల్ డాక్‌యార్డుకు మార్చారు. రాత్రి వరంగల్ స్టేషన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దునకు విశాఖలో దిగాం. అంతవరకు నేను చూసిన పెద్ద నీళ్లంటే పాకాల చెరువు, వానకాలపు గోదావరి. అవతలి ఒడ్డు లేని నీళ్లు అదే మొదటిసారి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి బూడిదరంగు ఓడ ఒకటి మెల్లగా బయటికి వస్తుండగా, "అది ఎటు పోతున్నది మామా?" అని అడిగాను. అంతకు రెండు నెలల ముందే, 1988 నవంబరులో, మాల్దీవుల్లో తిరుగుబాటు చేసి బందీలతో పారిపోతున్న కిరాయి సైనికుల ఓడ 'ప్రోగ్రెస్ లైట్'ను ఐఎన్‌ఎస్ గోదావరి, ఐఎన్‌ఎస్ బేత్వా సముద్రంలో తరిమి పట్టుకున్నాయి. ఆ వార్త రేడియోలో విన్నప్పుడు తాను ఆ ఓడ మీద లేకపోయానన్న బాధ మామకు ఇంకా తీరలేదు. అందుకేనేమో, నా ప్రశ్నకు జవాబుగా ఇసుకలో కూర్చోబెట్టి నౌకాదళం మొత్తం చెప్పాడు.

"మేడారం జాతరకు బండ్లు కట్టుకొని పోతం గదా కోడలా, గట్లనే అనుకో" అన్నాడు. ఆ బండ్ల వరుస నాకు బాగా తెలుసు. నడుమ పిల్లలూ ముసలివాళ్లూ ఉన్న పెద్ద బండి, అది విమానవాహక నౌక. దానికి ముందూ పక్కలా కర్రలు పట్టుకొని నడిచే వయసు వాళ్లు డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు. వెనకాల గడ్డీ దాణా మోసుకొచ్చే బండి ట్యాంకరు. చమురూ మంచినీళ్లూ సరుకులూ సముద్రం నడుమనే అందించేది అదే. మరి జలాంతర్గామి ఏదని అడిగితే, అందరి కన్నా ముందు పోయి వాగు లోతు, దారి భద్రం చూసి వచ్చేవాడని, వాడు ఎవరికీ కనిపించడని అన్నాడు. ఇన్నేళ్లలో నౌకాదళం గురించి ఎన్నో చదివాను గానీ, ఆ బండ్ల వరుస కన్నా తేటగా చెప్పిన వివరణ నాకు దొరకలేదు.

ఆ వరుసలోనే ఇప్పటి దళాన్ని చూస్తే, నడిమి బండ్లు నేడు రెండు. ఒకటి ఐఎన్‌ఎస్ విక్రమాదిత్య. రష్యాలో 'అడ్మిరల్ గోర్ష్‌కోవ్'గా పనిచేసిన ఓడను మార్చి కట్టించుకోగా 2013 నవంబరు 16న మన దళంలో చేరింది. 284 మీటర్ల పొడవు, 44,500 టన్నుల బరువు. దానికి ఎనిమిది బాయిలర్లు ఉన్నాయని పత్రికలో చదివిన రోజు మామ నాకు ఫోన్ చేసి, "ఇంక ఆవిరి కాలం అయిపోలేదు" అని సంతోషపడ్డాడు. రెండవది 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో చేరిన కొత్త ఐఎన్‌ఎస్ విక్రాంత్. 262 మీటర్ల పొడవుతో మన దేశంలో కట్టిన మొదటి విమానవాహక నౌక. 1961లో చేరి, 1971 యుద్ధంలో తూర్పు సముద్రంలో నిలబడి, 1997లో సెలవు తీసుకున్న పాత విక్రాంత్ పేరే దానికి పెట్టారు. కొత్త విక్రాంత్‌లో బాయిలర్లు లేవు, నాలుగు గ్యాస్ టర్బైన్లు ఉన్నాయి. బాయిలర్‌లో ఆవిరి పుట్టించడానికి గంటలు పట్టే చోట గ్యాస్ టర్బైన్ నిమిషాల్లో అందుకుంటుంది. చాలామంది విమానాల సంఖ్యను బట్టి ఈ రెండు ఓడలను పోల్చుతారు. బాయిలర్ మనిషి మేనకోడలిగా నాకు ముందు కనిపించేది ఈ తేడాయే.

డిస్ట్రాయర్లలో రష్యా నుంచి వచ్చిన రాజ్‌పుత్ తరగతి ఐదింటిలో రణజీత్ 2019లో, రాజ్‌పుత్ 2021లో సెలవు తీసుకున్నాయి. ఆ తరగతి చేసే పని భారం ఇప్పుడు మజగావ్ డాక్‌లో పుట్టిన మూడు తరాల మీద పడింది. ఢిల్లీ, మైసూర్, ముంబై మొదటి తరం. కోల్‌కతా, కొచ్చి, చెన్నై రెండవది. విశాఖపట్నం, మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్ మూడవది. మొత్తం పది. 163 మీటర్ల పొడవున్న ఐఎన్‌ఎస్ విశాఖపట్నం 2021 నవంబరులో చేరింది. రెండవ, మూడవ తరాల ఓడలు బ్రహ్మోస్ క్షిపణులతో పాటు, మీదికి వచ్చే విమానాలనూ క్షిపణులనూ కూల్చే బరాక్-8 క్షిపణులను మోస్తాయి. బరాక్ తరహా క్షిపణులను తయారుచేసేది హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ సంస్థ. సముద్రమే లేని రాష్ట్రంలో తయారైన వస్తువు నడిసముద్రంలో ఓడకు కాపలా కాస్తున్నదన్న మాట నా విద్యార్థులకు చెప్పకుండా ఉండలేను.

ఫ్రిగేట్ల పేజీల దగ్గర నేను ఎక్కువ సేపు ఆగిపోయాను. 1972లో చేరిన నీలగిరి మన దేశంలో కట్టిన మొదటి పెద్ద యుద్ధనౌక. దాని వెంట హిమగిరి, ఉదయగిరి, దూనాగిరి, తారాగిరి, వింధ్యగిరి వచ్చాయి. ఆరూ వెళ్లిపోయాయి. మామ వాటి పేజీల్లో సెలవు తేదీ రాసి కింద గీత కొట్టలేదు, ఖాళీ వదిలాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కడుతున్న కొత్త నీలగిరి తరగతి ఏడు ఫ్రిగేట్లలో ఆరింటికి సరిగ్గా ఆ పేర్లే పెట్టారు, మహేంద్రగిరి ఒక్కటే కొత్త పేరు. కొత్త నీలగిరి 2025 జనవరి 15న చేరింది. అదే రోజు డిస్ట్రాయర్ సూరత్, జలాంతర్గామి వాగ్షీర్ కూడా చేరాయి. ఒకే తేదీని మూడు పేజీల్లో రాసిన రోజు అది.

జలాంతర్గాములదీ అదే కథ. విశాఖ ఆర్‌కే బీచ్‌లో అందరూ లోపలికి పోయి చూసే కుర్సుర 1969లో చేరి 2001లో సెలవు తీసుకుంది. దాని తోటివైన కల్వరి, ఖండేరి, కరంజ్, వేలా, వాగిర్, వాగ్షీర్ పేర్లు 2017 నుంచి 2025 లోపల మజగావ్ డాక్‌లో కట్టిన కొత్త జలాంతర్గాములతో తిరిగి వచ్చాయి. కుర్సుర పేరు మాత్రం ఇంకా ఆ ఒడ్డునే ఉన్నది. వీటితో పాటు జర్మనీ నమూనా శిశుమార్ తరగతి, రష్యా నుంచి తెచ్చుకున్న సింధుఘోష్ తరగతి ఉన్నాయి. సింధుఘోష్ తరగతిలోని సింధురక్షక్ 2013 ఆగస్టు 14న ముంబై రేవులోనే పేలి మునిగిపోగా 18 మంది నావికులు చనిపోయారు. మామ ఆ పేజీలో సెలవు అని రాయలేదు, తేదీ ఒక్కటే రాశాడు. 1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర మునిగిన ఖుక్రీ పేజీ కూడా అలాగే ఉన్నది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచి రాకుండా దానితోనే వెళ్లిపోయిన సంగతి మామ చెప్పేటప్పుడు మధ్యలో ఆగిపోయేవాడు.

అణు జలాంతర్గాములు అరిహంత్, అరిఘాత్ రెండూ విశాఖలోనే తయారయ్యాయి. 2009 జూలై 26న అరిహంత్‌ను నీళ్లలోకి దించిన వార్త టీవీలో వచ్చినప్పుడు మామ మా ఇంట్లోనే ఉన్నాడు. రియాక్టర్ వేడితో నీళ్లను ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతారని ఆయన వివరించి, "అణుశక్తి అయినా ఆఖరికి నీళ్లు కాగవెట్టుడే గదా కోడలా" అన్నాడు. ఇలాంటి జలాంతర్గాములు నీటిలోపల ఉన్నప్పుడు మామూలు రేడియో తరంగాలు అందవు, అతి తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలే ఉప్పునీటిలోకి కొంత లోతు దిగుతాయి. ఆ తరంగాలు పంపే కేంద్రానికి 2024 అక్టోబరులో వికారాబాద్ దామగుండంలో శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని అక్కడివారు పడిన ఆవేదన కూడా నాకు తెలుసు, అది చిన్నది కాదు. మామ ఉంటే ఏమనేవాడో అని చాలాసార్లు అనుకున్నాను.

మిగిలిన పేజీలు త్వరగా నిండాయి. జలాంతర్గాములను వేటాడే కమోర్టా తరగతి కార్వెట్లు (ఫ్రిగేట్ల కన్నా చిన్న యుద్ధనౌకలు) నాలుగు, దీవుల పేర్లవి. దీపక్, శక్తి వంటి ట్యాంకర్లు. సముద్రపు అడుగును కొలిచే సంధాయక్. సైనికులనూ వాహనాలనూ ఒడ్డుకు దించే జలాశ్వ, 2007లో అమెరికా నుంచి వచ్చింది. 2020 మేలో లాక్‌డౌన్ నడుమ మాల్దీవుల నుంచి దాదాపు ఏడు వందల మందిని కొచ్చికి చేర్చింది ఈ ఓడే. తెరచాపల మీద నడిచే చిన్న పడవ తారిణి పేజీని మాత్రం నేను నిదానంగా, నా చేతిరాతలోకెల్లా మంచి రాతతో రాశాను. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 254 రోజుల్లో భూగోళం చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఒకరు.

నేను తెలుగు పంతులమ్మను. సంధులూ సమాసాలూ చెప్పేటప్పుడు ఈ ఓడలే నాకు ఉదాహరణలు. విక్రమ, ఆదిత్య కలిస్తే సవర్ణదీర్ఘం. జల, అశ్వ కలిసినా అదే సంధి. సింధుఘోష అంటే సముద్రపు హోరు, షష్ఠీ తత్పురుష. అరిహంత్‌లోని 'అరి' శత్రువని చెప్పగానే అరిఘాత్‌కు అర్థం పిల్లలే చెబుతారు. ఒకసారి ఎనిమిదవ తరగతి అమ్మాయి లేచి, "వరంగల్ పేరు మీద షిప్పు లేదా టీచర్?" అని అడిగింది. లేదు గానీ మన గంగ పేరు మీద ఉండేదని చెప్పి, ఆ రోజు గంట మొత్తం గోదావరి ఓడ గురించే చెప్పాను.

2015 మామకు రెండు విధాల గోదావరి సంవత్సరం. జూలైలో పుష్కరాలకు కాళేశ్వరంలో అందరితో కలిసి స్నానం చేశాడు. డిసెంబరులో ముంబై ప్రయాణమయ్యాడు. ఐఎన్‌ఎస్ గోదావరి సెలవు తీసుకుంటున్నదని కబురు వచ్చింది. కాజీపేటలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి నేను, మా తమ్ముడు పోయాం. ఆయన చేతి సంచిలో చిన్న సీసాతో మంథని గోదావరి నీళ్లు ఉన్నాయి. డిసెంబరు 23న సూర్యాస్తమయానికి ఓడ మీది పతాకాన్ని చివరిసారి దించారు. 32 ఏళ్లు. తిరిగి వచ్చిన తరువాత మామ ఆ సాయంత్రం గురించి ఎక్కువ మాట్లాడలేదు. సీసా ఖాళీగా తెచ్చాడు. నీళ్లు ఎక్కడ పోశావని అమ్మ అడిగితే, "ఓడ పక్కనే, దానికి తాకేటట్టు" అన్నాడు. తరువాత గంగ 2018లో, గోమతి 2022లో వెళ్లిపోయాయి. గోమతి సెలవు తీసుకునేనాటికి మామ లేడు. 2021 వేసవిలో ఆయన కన్నుమూశాడు. కొత్త విక్రాంత్‌నూ, అదే రోజు మారిన నౌకాదళ పతాకాన్నీ ఆయన చూడలేకపోయాడన్న వెలితి మా ఇంట్లో అందరికీ ఉన్నది.

2025 ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి రెండూ ఒకేసారి విశాఖపట్నంలో చేరినప్పుడు, వాటి పాత పేజీల్లో మామ వదిలిన ఖాళీలోనే కొత్త తేదీలు రాశాను. అప్పుడు అర్థమైంది ఆయన గీత ఎందుకు కొట్టలేదో. ఆ రాత్రే గోదావరి పేజీ తీసి చూశాను. మూడు గోదావరుల సిరా అలుక్కుపోయి ఒకదాని మీదికి ఒకటి పారి ఉన్నది. వాటి కింద నాలుగో వరుసకు మామ పెన్సిలుతో గీసి ఉంచిన ఐదు గళ్లు శుభ్రంగా ఉన్నాయి. మొదటి గడిలో గోదావరి అని పెన్సిలుతోనే రాశాను. తరగతి, కట్టిన చోటు, చేరిన రోజు ఖాళీగా ఉంచి, రిజిస్టరును ఈసారి పై అరలో పెట్టాను.